మందు పైపు వాసన

వసంతమ్మ ముక్కంటే ఆ వీధిలో ఒక లెక్క. పులివెందుల దాటి చీనీతోటలు, అదే బత్తాయి తోటలు, మొదలయ్యే చోట, రోడ్డుకు ఎడమపక్క ఉన్న ఇల్లు వాళ్ళది. పాలు విరగబోతున్నాయని విరక్కముందే చెప్పేది. రెండిళ్ళ అవతల పప్పు అడుగంటితే తన వాకిట్లో నిలబడి కేకేసేది. నెయ్యి కొన్నా, చింతపండు కొన్నా ఆ వీధి ఆడవాళ్ళు ముందు ఈమె ముక్కు దగ్గర పెట్టి, ఈమె తలూపాకే ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు. "వసంతక్క బాగుండాదంటే ఇంగ బాగున్నట్టే" అని ఒక మాట స్థిరపడిపోయింది.

అంత పేరు మోసిన ముక్కు నాలుగేళ్ళ కిందట పనిచేయడం మానేసింది. దేశమంతా దగ్గి మూలిగిన ఆ జ్వరాల కాలంలో ఈమెకూ జ్వరం వచ్చింది. రెండు వారాలకు జ్వరం దిగింది. దిగుతూ దిగుతూ వాసనను వెంట తీసుకుపోయి, బదులుగా ఆయాసాన్ని వదిలిపోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో వాసన తిరిగొచ్చిందట. ఈమెకు రాలేదు. రేపు వస్తుందిలే అనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. ఆ రేపు ఎంతకీ రాకపోయేసరికి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం మొదలైంది. ఇంకేం, నోరు పూర్తిగా మూతబడింది.

చెప్తే ఏం పోయేదమ్మా అని మీరు అడగొచ్చు. పోయేదుంది. వసంతమ్మ అత్త గురవమ్మ కూడా ఒకప్పుడు ఇదే వంటింట్లో గరిటె తిప్పిన మనిషే. కళ్ళు మసకలు కమ్మి, ఒకనాడు పులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది. అప్పుడు వసంతమ్మ ఎంతో మర్యాదగానే, "ఇంగ నువ్వు కూర్చో అత్తా, నేను చేస్తాలే" అంది. ఆ ముసలామె పల్లెత్తు మాట అనకుండా పోయి వాకిట్లో కూర్చుంది. ఆనాటి నుంచి ఇంట్లో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు, ఏం వండాలని గానీ, ఎంత పెట్టాలని గానీ. అట్లా మూడేళ్ళు కూర్చుని వెళ్ళిపోయింది. అప్పుడు వసంతమ్మకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే ఇప్పుడు తనకూ ఒక కోడలుంది.

కోడలు రాధిక జమ్మలమడుగు పిల్ల. ఊరి సచివాలయంలో కంప్యూటరు ముందు ఉద్యోగం. కొడుకు నాగేంద్ర చిలమకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. రాధిక మాట మెత్తన, పని చురుకు. రెండున్నరేళ్ళ కాపురంలో అత్త మాటకు "కాదు" అన్న పాపాన పోలేదు. అలాంటి మంచి పిల్లంటేనే వసంతమ్మకు మరీ భయం. రేపు సంగతి తెలిస్తే ఈ పిల్ల కూడా ఎంతో మర్యాదగానే "నువ్వు కూర్చో అత్తా" అంటుంది, అంతే కదా!

అందుకని ఆమె తన తిప్పలు తను పడుతోంది. పాలు కాచేముందు వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకునేది, అదీ సగమే తెలిసేది. తెల్లగడ్డ రెబ్బల రంగు చూసి, ఆవాల చప్పుడు విని తిరగవాత దించేది. పక్కింటి పెంచలమ్మ నెయ్యి తెస్తే, దాని రంగూ పూసా చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు అరమూసి తలూపేది. ఆ తలూపుడు చూస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

ఇక అసలు కథ పొయ్యి జరపడంతో మొదలైంది. ఆయాసం ఎక్కువై ప్రొద్దుటూరు పోతే, అక్కడి డాక్టరు అంతా విని, "మీ వంటింటికి కిటికీ ఉందామ్మా?" అని అడిగాడు. ఉంది గానీ దాన్ని తెరిస్తే పక్కింటి గోడే. "అయితే పొయ్యి గాలొచ్చే చోటికి మార్చుకో. ఈ తిరగవాత ఘాటు ఇంకా పీలిస్తే నా మందులు పని చేయవు" అన్నాడు. తిరుగు బస్సు ముద్దనూరు దాటకముందే ఆమె భర్త సంజీవయ్య నిశ్చయం చేసేశాడు. ఇంటి వెనక వసారా ఉంది, మూడు పక్కలా నడుమెత్తు గోడ, పైన రేకులు. పొయ్యి అక్కడికి రావాలి.

సిలిండరు ఉండేది ఇంటి పక్క సందులో, ఇటుకలతో కట్టిన చిన్న గూటిలో. అక్కణ్ణించి గోడలోగుండా వంటింటి గట్టు దాకా సన్నటి రాగి పైపు ఉంది. పదేళ్ళ కిందట ఇల్లు కట్టినప్పుడు గ్యాసు ఏజెన్సీ వాళ్ళే వేసిపోయారు. ఆ రాగి పైపు చివరి నుంచి వెనక వసారా దాకా ఇంకా పద్దెనిమిది అడుగుల లైను కావాలి.

"ఏజెన్సీకి ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి రాగి పైపు పొడిగిస్తారు మామా" అంది రాధిక.

సంజీవయ్య నవ్వాడు. ఆయన ఆరెకరాల చీనీతోటకు డ్రిప్పు లైన్లన్నీ సొంత చేతులతో వేసుకున్న మనిషి. చుట్టుపక్కల ఏ తోటలో పైపు పగిలినా, ఏ బోరు దగ్గర జాయింటు కారినా ముందు ఆయనకే కబురు వస్తుంది. "ఆరెకరాలకు నీళ్ళు పారిచ్చినోణ్ణి, పద్దెనిమిది అడుగులు గ్యాసు పారిచ్చలేనా? వాళ్ళెప్పుడొస్తారో ఏమో, అంతవరకు మీ అత్త ఆ గాలాడని గుయ్యారంలో దగ్గుతా ఉండల్లనా?" అన్నాడు. పెండ్లాం మీద ప్రేమతో అన్న మాటే అది, అందులో దోషం లేదు. దోషమంతా ఆయన తెచ్చిన పైపులో ఉంది.

ఆయన తెచ్చింది చీనీచెట్లకు పురుగుమందు కొట్టే పైపు. తోటలో చుట్టగా పడి ఉన్నదాంట్లో ఇరవై అడుగులు కోసుకొచ్చాడు. "మూడు పొరల పైపిది. మోటరు తోపుకే పగల్లేదు, ఈ గ్యాసు ఊపిరికి పగుల్తాదా?" అని దాన్ని చేత్తో తట్టి మరీ చూపించాడు. వినేవాళ్ళకు నిజమే అనిపించే మాట. సబ్బు పెట్టి రెండు తూర్లు కడిగాడు, ఎండబెట్టాడు. గోడకు రంధ్రం వేసి పైపు అవతలికి తీశాడు. రెండు చివర్లూ కాస్త వదులైతే సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి పైన క్లిప్పులు బిగించాడు. వసారాలో రెండు ఇటుకవరసల మీద నాపబండ పరిచి, దానిమీద పొయ్యి పెట్టాడు. ఆదివారం పొద్దు వాలేసరికి పనైపోయింది.

గ్యాసు తిప్పి, అలవాటు కొద్దీ లైను పొడవునా చెయ్యి పెట్టి తడుముకుంటూ వచ్చాడు. చివరి దాకా వచ్చాక తన చేతిని తను చూసుకుని, "థూ, గ్యాసు యాడన్నా తడి అయితాదా!" అని తనే నవ్వుకున్నాడు. తర్వాత పొయ్యి దగ్గర వంగి గాలి పీల్చాడు. మొహం చిట్లించాడు.

"ఏందో వాసనొస్తాండాది. ఇట్ల రామే, చూడు" అని పెండ్లాన్ని పిలిచాడు.

వసంతమ్మ వచ్చింది, వంగింది, కళ్ళు అరమూసి పీల్చింది. వట్టి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆయన తన మొహంలోకే చూస్తున్నాడు. రోజంతా ఎండలో పనిచేసి, కొత్త పొయ్యి వెలిగించి చూపించాలని చిన్నపిల్లాడిలాగా ఆత్రపడుతున్నాడు. రాధిక కూడా గడపలో నిలబడి చూస్తోంది.

"మందు వాసన. ఎన్ని తూర్లు కడిగినా పోతాదా, ఆ పైపుకు పట్టింది" అంది వసంతమ్మ.

"అదీ! నేనూ అదే అనుకుంటాండా" అన్నాడు సంజీవయ్య, గుండెల మీది బరువు దిగినట్టు. పొయ్యి వెలిగింది, నీలం మంట, చూడ్డానికి ముచ్చటగా ఉంది. వసంతమ్మ అందరికీ కాఫీ పెట్టింది. గాలికి ప్రాణం హాయిగా ఉంది. కానీ ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆ మాట ఆమెను వదల్లేదు. మందు వాసనే అయ్యుంటుందిలే, ఆయనా అదే అనుకున్నాడు కదా, అని తనకు తనే నచ్చజెప్పుకుంది.

సోమవారం పొద్దున రాధిక వసారాలోకి వచ్చీ రాగానే ఆగిపోయింది.

"అత్తా, ఇది మందు వాసన మాదిరి లేదు. కుళ్ళిన గుడ్డు మాదిరి వస్తాండాది."

"మందు పైపు వాసనేనమ్మా. నాకు తెలీదా?" అంది వసంతమ్మ, కాస్త గట్టిగానే. భయపడ్డ మనిషి గొంతు గట్టిగానే వస్తుంది మరి.

రాధిక ఆమె వైపు ఒకసారి నిదానంగా చూసింది. అరుగు మీద కాఫీ తాగుతున్న మామ వైపు చూసింది. ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. తర్వాత సందులోకి పోయి, సిలిండరు కట్టేసి వచ్చి, "వాడనప్పుడు ఆడ ఆపేద్దాం అత్తా, అలవాటు చేసుకుందాం" అని మాత్రం చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చాకా అంతే, రాత్రి పడుకునే ముందూ అంతే. మంగళవారమూ అంతే. ఈ పిల్లకు ఇదేం చాదస్తం అనుకుంది వసంతమ్మ. మనసులో మాత్రం ఎందుకో ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది.

బుధవారం మధ్యాహ్నం వంటకని వసంతమ్మ మళ్ళీ సిలిండరు తిప్పింది. చారు కాచి, సంగటి కెలికి, అందరికంటే ముందు తను తిని, దాన్ని ఆపడం మరిచిపోయింది. మూడు దాటాక వసారాలోనే ఒక మూల, పొయ్యి బండకు పక్కగా కూర్చుని గిన్నెలు తోముతోంది. ఆకు కదలడం లేదు, రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. పీచు విదిలించినప్పుడు సబ్బు నురగ ఎగిరి పొయ్యి వెనక క్లిప్పు మీద పడింది.

పడిన నురగ ఊరికే ఉండలేదు. ఒక బుడగ లేచింది. అది శనగగింజంత అయింది, చింతగింజంత అయింది, పగిలింది. దాని చోట ఇంకొకటి లేచింది. వసంతమ్మ చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. పొయ్యి వెలగడం లేదు, పైపు కదలడం లేదు, గాలి లేదు. ఎవరూ ఊదకుండా బుడగ ఎట్లా లేస్తుంది? మళ్ళీ కాస్త నురగ తీసి వేలితో అక్కడ పూసింది. మూడు బుడగలు ఒకదాని మీద ఒకటి లేచాయి.

అది మందు వాసన కాదు. ఆదివారం నుంచీ కాదు.

సరిగ్గా అప్పుడే తోట నుంచి సంజీవయ్య వచ్చాడు. కాళ్ళు కడుక్కుని వసారాలో చాప పరుచుకుని, గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు. చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"గీయొద్దు!" అని అరిచింది వసంతమ్మ. అరవడమే కాదు, సబ్బు చేత్తోనే వచ్చి ఆయన మణికట్టు పట్టేసుకుంది. అగ్గిపెట్టె తడిసి ముద్దయింది.

"ఏందమే, పామా?" అని ఆయన కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"పాము కాదు, గ్యాసు! లెయ్, బయటికి రా. సిలిండరు ఆపు ముందు."

ఆయన పరుగెత్తి గూటిలో సిలిండరు కట్టేశాడు. కాసేపాగి వచ్చి ఆమె చూపించిన చోట వంగి చూశాడు. పైపులో మిగిలిన గ్యాసుకు చివరి బుడగ ఒకటి మెల్లగా లేచి పగిలింది. ఎన్ని లీకులు పట్టిన కళ్ళు అవి! చూడగానే తెలిసిపోయింది. మొహం వాడిపోయింది. ఆమె వైపు తిరిగాడు.

"ఆదివారం నేను అడగలేదా? వాసనొస్తాండాదంటే, మందు వాసనని నువ్వే గదమే చెప్తివి?"

ఇప్పుడు కూడా ఒక అబద్ధం వసంతమ్మ నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆపొద్దు మందు వాసనే, ఇది ఈపొద్దు కొత్తగా లీకయింది అంటే సరిపోతుంది. ఆయన నమ్ముతాడు. ఆమె ముక్కును ఆయన తన కళ్ళకంటే ఎక్కువ నమ్ముతాడు. ఆ నమ్మకమే కదా ఇప్పుడు చేతిలో అగ్గిపెట్టెతో ఇక్కడ కూర్చోబెట్టింది! ఆ సంగతి తట్టగానే ఆమె ఆ అబద్ధాన్ని మింగేసింది.

"నాకు వాసన తెలీదు" అంది.

"ఏంది?"

"వాసన తెలీదు నాకు. ఆ జరం వచ్చినప్పుడు పోయింది. మళ్ళీ రాలేదు. నాలుగేండ్లాయ."

సంజీవయ్య వసారా గోడ మీద కూర్చుండిపోయాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. వస్తే బాగుండేది.

"మాఘమాసంలో చీనీపూత తెచ్చి నీ చేతిలో పెడ్తి గదా" అన్నాడు. "కండ్లు మూసుకోని ఎంతసేపో పీలిస్తివే. తోటంతా ఇంట్లోకొచ్చినట్టుందంటివే."

"పీలిస్తి. ఏమీ రాలేదు."

"నాలుగేండ్లు నాలుగు తూర్లు తెస్తిని."

"తెస్తివి" అంది వసంతమ్మ. ఆమెకు దుఃఖం ఆగలేదు. "నీకు చెప్దామనే అనుకుంటి. చెప్తే నీకు తెలుస్తాది, నీ నుంచి కోడలికి తెలుస్తాది. తెలిస్తే నన్ను వాకిట్లో కూర్చోబెడ్తారు. మీ అమ్మను కూర్చోబెట్టింది నేనే గదా. ఆమె ఎట్ల కూర్చున్యాదో చూసింది నేనే గదా."

సంజీవయ్య తడిసిన అగ్గిపెట్టెను గోడ అవతలికి విసిరేశాడు. తన తల్లి ఆ మూడేళ్ళూ వాకిట్లో కూర్చున్న సంగతి ఆయనకూ గుర్తే. అప్పుడు తనూ ఏమీ అనలేదన్న సంగతీ గుర్తే.

ఐదున్నరకు రాధిక వచ్చింది. వెనకాలే ఇంకో స్కూటరు వచ్చి ఆగింది. దాని మీద నలభై ఏళ్ళ మనిషి, నీలంరంగు చొక్కా, భుజానికి సామాన్ల సంచి. పేరు జానీబీ. గ్యాసు ఏజెన్సీలో మెకానిక్కు. వాళ్ళ నాన్న దగ్గర పని నేర్చుకుని ఆయన పనిలోనే చేరింది. రాధిక సోమవారం నుంచి ఫోన్లు చేస్తూ చేస్తూ, ఇవాళ ఏకంగా ఏజెన్సీ దగ్గరికే పోయి ఆమెను వెంటబెట్టుకొచ్చింది.

జానీబీ వసారాలో అడుగుపెట్టి, పైపు చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇదేంది మామా, గ్యాసుకు పురుగు పట్టిందా, మందు కొడ్తాండావు?"

ఇంకో రోజైతే సంజీవయ్య తగ్గ సమాధానం చెప్పేవాడే. ఇవాళ తల దించుకున్నాడు. "తప్పైందమ్మా. ఆ వాసన మందు వాసనేలే అనుకుంటిమి. మా ఇంటామెకు వాసన తెలీదంట. నాలుగేండ్లుగా తెలీదంట. ఈ పొద్దు చెప్పింది" అని, కోడలి వైపు తిరిగాడు. "నీకు తెల్సునామ్మా ఈ సంగతి?"

వసంతమ్మ నేల చూస్తోంది. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది.

"తెల్సు మామా" అంది రాధిక.

ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు.

"పెండ్లైన ఆరు నెలలకు తెలిసింది. ఒకపొద్దు అత్త నాకు పెరుగేసింది. అది చెడిపోయిన పెరుగు. ముక్కు కాడికి పోతానే కడుపు తిప్పింది. అత్త మాత్రం ముందరే కూర్చోని, బాగుండాదా అని అడుగుతాండాది. బాగుండాదని తినేస్తి. ఆ పొద్దు నుంచి తెల్లారి లేస్తానే పాలు, పెరుగు, నిన్నటి కూరలు నేను చూసి పెడ్తాండా. చెడిపోయినవి పారబోసి, పిల్లి తాగిందని చెప్తాండా."

"మన ఇంటికి పిల్లే రాదు గదా" అన్నాడు సంజీవయ్య అమాయకంగా.

వసంతమ్మకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళుగా తను ఆ పిల్లిని తిడుతోంది.

"మరి సోమవారం గట్టిగా చెప్పకపోతివేమ్మా?" అన్నాడు సంజీవయ్య. "అది మందు వాసన కాదని నీకు తెలుస్తానే ఉండె గదా."

"నీ ముందర అత్తను 'కాదు, నీకు వాసన తెలీదు' అనేదెట్ల మామా? నోరు రాలేదు. అందుకే పొద్దూ మాపూ సిలిండరు ఆపుతాంటి, ఈమెకు ఫోన్లు చేస్తాంటి." రాధిక ఇక ఏడ్చేసింది. "ఆపేదానికి నేను పగలు ఇంట్లో ఉంటానా? ఏదన్నా అయ్యుంటే? నా మర్యాదతో ఏం చేసుకుందును?"

ఈలోగా జానీబీ తన పని తను చేసుకుంటోంది. మందు పైపును రెండు చివర్లా విప్పి చుట్ట చుట్టి అవతల పారేసింది. పొయ్యిని ఎత్తి మళ్ళీ వంటింటి గట్టు మీద పెట్టి, పాత ట్యూబు బదులు సంచిలోంచి కొత్త నారింజరంగు ట్యూబు తీసి బిగించింది. "ఈ రాత్రికి ఈడనే వండుకోండి. రేపు పొద్దున రాగి పైపుతో వస్తా" అంది.

గురువారం తొమ్మిదికల్లా వచ్చింది. సంజీవయ్య ఆమె పక్కనే కూర్చుని ప్రతిదీ చూశాడు. అడగడం ఆయనకు చేతకాని పని, అయినా అడిగాడు. మందు పైపుకు ఏం తక్కువని అడిగాడు.

"తోపుకు అది ఆగుతాది మామా, నువ్వనుకునింది నిజమే. గ్యాసుకు ఆగదు. గ్యాసు తగిలితే కొన్నాళ్ళకు ఎండి బిరుసెక్కి పగుల్తాది. సైకిల్ ట్యూబు ఇంకా తొందరగా పాడైతాది. ఇంకోటి, నీళ్ళు కారితే నేల తడిసి నీకు చెప్తాది. గ్యాసు చెప్పదు. గాలి కంటే బరువు గదా, నీ వసారా గోడల మధ్య నేలమీదే పండుకుంటాది. నువ్వు చాపేసుకునేది ఆడనే."

సంజీవయ్య లేచి తన చాపను చుట్టి ఇంట్లో పెట్టొచ్చాడు.

జానీబీ గోడ రంధ్రంలో ముందు ఒక ఇనప గొట్టం తొడిగి, రాగి పైపు గోడ సిమెంటుకు తగలకుండా దాంట్లోంచి తీసింది. జానెడు జానెడుకు గోడకు పట్టీలు బిగించింది. పొయ్యిని మళ్ళీ వసారాలోకి తెచ్చి, దాని పక్కనే చేతికందేలా ఒక వాల్వు పెట్టింది. వాల్వు నుంచి పొయ్యికి మాత్రం గజం కంటే తక్కువే నారింజ ట్యూబు. లైనులో గాలి ఎక్కించి, మీటరు ముల్లు చూసుకుంటూ అరగంట కూర్చుంది. ముల్లు కదల్లేదు. తర్వాత గ్యాసు వదిలి, ఒక గిన్నెలో సబ్బు నీళ్ళు కలిపి, కుంచెతో జాయింటు జాయింటుకూ పూసింది. ఎక్కడా బుడగ లేవలేదు.

"అయిపాయ" అని లేచి చేతులు తుడుచుకుంది. "ఇంగొక మాట. నేను ఏ ఇంట్లో పని చేసినా అడిగి పోతా. ఈ ఇంట్లో వాసన బాగా తెలిసేది ఎవరికి? వాళ్ళకు రెండు మాటలు చెప్పాల."

పక్కింటి పెంచలమ్మ గోడ మీదుగా చూస్తోంది. ఆమె వెంటనే అందుకుని, "ఇంకెవరికి, మా వసంతక్కకే! ఆమె ముక్కు మాదిరి ముక్కు ఈ వీధిలో ఉండాదా?" అంది.

రాధిక అత్త వైపు చూసి చటుక్కున చూపు తిప్పేసుకుంది. ఇప్పుడు కూడా ఆ పిల్ల దాచడానికే చూస్తోంది.

"నాకు కాదమ్మా" అంది వసంతమ్మ. గోడ అవతలికి కూడా వినబడేలా అంది. "నాకు వాసన తెలీదు. నాలుగేండ్లుగా తెలీదు. నీ నెయ్యి కూడా ఊరికే చూసి తలూపినాను పెంచలమ్మా, ఏమనుకోవాకు. మా కోడలికి చెప్పు, జానీబీ. ఆ పిల్లకు బాగా తెలుస్తాది."

పెంచలమ్మ చేతిలో చెంబు జారినంత పనైంది. జానీబీ ఏమీ ఆశ్చర్యపోలేదు. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకూడదనీ, ముందు వాల్వు, తర్వాత సిలిండరు ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి ఫోన్ చేయమనీ రాధికకు చెప్పింది. సంజీవయ్యకు కూడా ప్రత్యేకంగా ఒకటి చెప్పింది. "వసారాలో బీడీ వద్దు మామా. తోటలో కాల్చుకో." ఆయన బుద్ధిగా తలూపాడు. ఆమె స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

రాధిక ఆ పూట సెలవు పెట్టింది. వంట వేళయింది. కొత్త లైను మీద మొదటిసారి పొయ్యి వెలిగించి, వసంతమ్మ పప్పుకు తిరగవాత పెట్టింది. నూనె కాగింది, ఆవాలు చిట్లాయి, తెల్లగడ్డ పడింది. వెనక వసారాలో గాలి బాగా వీస్తోంది, ఊపిరి ఇబ్బంది లేకుండా ఆడుతోంది. ఇంక నిన్నటి నుంచీ అనాలనుకుంటున్న మాట అనేయాలి. ఎవరో అనేదాకా ఆగడం కంటే తనే అనుకోవడం మేలు.

"రాధికా, ఒక మాట. ఇంగ మీదట నేను తప్పు చెప్తే, ఎవురి ముందరైనా సరే, కాదను. మర్యాద చూడొద్దు."

పీట మీద కూర్చున్న రాధిక తల వంచుకుని కొత్తిమీర తుంచుతోంది.

"ఇంకోటి" అంది వసంతమ్మ. "రెండేండ్లు నా వెనకాల ఎత్తి పారబోసింది చాలు. ఇంగ వంట నువ్వే చెయ్యమ్మా. నేను పోయి వాకిట్లో కూర్చుంటా."

చెప్పేసి గరిటె బండ మీద పెట్టింది. రాధిక లేచి వచ్చింది. వస్తుందనే అనుకుంది వసంతమ్మ, పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆ పిల్ల గరిటె తీసుకుంది. తీసుకుని, అత్త చెయ్యి పట్టుకుని, ఆ గరిటె మళ్ళీ ఆ చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది.

"కాదత్తా" అంది. రెండున్నరేళ్ళలో మొదటిసారి. "నువ్వే చెయ్యల్ల. నేను పక్కనే ఉండి వాసన చెప్తా. ముందు మంట తగ్గించు, తెల్లగడ్డ మాడుతాండాది."

వసంతమ్మ కళ్ళు తుడుచుకుని మంట తగ్గించింది.